అకాలమున గతించినవారి పేర నిధి - శ్రావకుని విచారణ



ఇంటి పెద్ద నిండు జీవితము గడిపి, ధర్మధ్యానముతో దేహము విడిచినప్పుడు ఆ యింటివారికి దుఃఖముతోబాటు కొంత తృప్తియు నుండును. చేయవలసినదంతయు చేసి వెళ్ళెనని చెప్పుకొందురు. కాని అంగడి మెట్టు ఎక్కవలసిన కొడుకో, పరీక్షకు కూర్చుండవలసిన కూతురో గతించినప్పుడు అట్టి తృప్తికి చోటు లేదు. చదువుకొన్న పుస్తకములు బల్లమీదనే యుండును. తల్లిదండ్రులకు కలుగు మొదటి ఆలోచన, "వీని పేరు నిలుచుటకు ఏమైన చేయవలెను" అనునదే. ఆ ఆలోచననుండియే స్మారక నిధులు పుట్టుచున్నవి.

మన వర్తక కుటుంబములలో ఇట్టి నిధులు కొత్త కావు. అయితే పదవనాడు సభలో ప్రకటించిన నిధి మూడవ యేట ఎక్కడ నున్నదో తెలియని సందర్భములును మనకు కొత్త కావు. బిడ్డ పోయిన దుఃఖము ఒకటి. ఆ బిడ్డ పేర పెట్టిన మాట కూడ పోవుట రెండవ దుఃఖము. ఈ రెండవదానిని తప్పించుకొనుట మన చేతిలో నున్నది. కావున మూడు విషయములను ఇచట విచారింతము: అట్టి నిధిని మన ధర్మము ఎట్లు చూచును? మన పెద్దలు ఏమి చేసిరి? బగ్దల్ వంటి ఊరిలో నేడు దానిని ఎట్లు నెలకొల్పిన నిలుచును?

1. ధర్మదృష్టి

మొదట ఒక చిక్కు ప్రశ్న. మన పేరు చెప్పి ఇతరులు చేసిన పుణ్యము మనకు చెందునా? చెందదనియే జైన సిద్ధాంతము. ఎవరి కర్మ వారిదే, చేసినవాడే అనుభవింపవలెను. దేహము విడిచిన జీవుడు మరియొక దేహమును ధరించుటకు కన్నుమూసి తెరచునంత కాలము కూడ పట్టదు. కొన్ని సమయములలోనే ఆ ప్రయాణము ముగియును. మనము సభ చేసి నిధి ప్రకటించునప్పటికి ఆ జీవుడు వేరొక తల్లి యొడిలో నుండవచ్చును. కావుననే మన ధర్మములో పితరులకు పిండము పెట్టి తృప్తిపరచు పద్ధతి లేదు.

అట్లయిన నిధి యెవరికొరకు? ఇచ్చువారికొరకు, పుచ్చుకొనువారికొరకు. తత్త్వార్థసూత్రములో ఉమాస్వాతి దానమునకు చెప్పిన లక్షణమును గమనింపుడు. అనుగ్రహముకొరకు తనదైన దానిని విడుచుట దానము. ఆ అనుగ్రహము తనకును, పరులకును కలుగునని వ్యాఖ్యాతలు వివరించిరి. విధి, ద్రవ్యము, దాత, పాత్రము అను నాలుగింటినిబట్టి దానఫలములో భేదము కలుగునని కూడ అక్కడనే చెప్పబడినది. ఈ నాలుగు మాటలను జ్ఞాపకముంచుకొన్నచో నిధినిగూర్చిన ప్రశ్నలలో చాలవరకు వాటంతటవే తీరును.

ఇక శోకము మాట. ఆర్తధ్యానము నాలుగు విధములని శాస్త్రము: ఇష్టము కానిది వచ్చిపడుట, ఇష్టమైనది ఎడబాయుట, వేదన, నిదానము. బిడ్డను కోల్పోయిన తల్లిదండ్రులది రెండవది. అది తిర్యగ్గతికి హేతువని చెప్పబడినను, దుఃఖించువారిని గద్దించుటకు చెప్పినది కాదు. మహావీరస్వామి నిర్వాణమునకు గౌతమ గణధరుడు విలపించెననియు, ఆ రాగబంధము తెగినంతనే ఆయనకు కేవలజ్ఞానము కలిగెననియు శ్వేతాంబర సంప్రదాయము చెప్పుచున్నది. అంతటి గణధరునికే తప్పనిది సంసారులమైన మనకు తప్పునా? శోకము వచ్చుట సహజము. దానిని ఏ దారిని నడిపింతుమన్నదే ప్రశ్న. ఇంటి గదిలో మూసిపెట్టిన శోకము ఆర్తధ్యానముగా పెరుగును; పరుల మేలునకు మళ్ళించిన శోకము దయగా మారును. స్మారక నిధికి మన ధర్మములో నున్న చోటు ఇదియే.

అయితే నాలుగవ ఆర్తధ్యానమైన నిదానమును మరువరాదు. ఫలమును కోరి చేయుట నిదానము. మాయ, మిథ్యాత్వములతోబాటు అది మూడు శల్యములలో నొకటి. బిడ్డ పేరు రాతిమీద చెక్కించుట దోషము కాదు. పక్కింటివారు 2 లక్షలు ఇచ్చిరి కావున మనము 3 లక్షలు ఇవ్వవలెనని పలకమీద అంకె వేయించుట మాత్రము శల్యము. పేరు స్మరణకై యుండవలెను గాని పోటీకై యుండరాదు.

2. అత్తిమబ్బె చూపిన దారి

మన ప్రాంతపు చరిత్రలోనే దీనికి గొప్ప నిదర్శనము కలదు. బగ్దల్ నేడు కర్ణాటకలోని బీదరు జిల్లాలో నున్నది. 1956 నవంబరు 1 వరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది. వెయ్యి సంవత్సరములకు పూర్వము ఈ భూమి చాళుక్య చక్రవర్తుల యేలుబడిలో నుండెను. రెండవ తైలపుని కాలమునాటికి రాజధాని మాన్యఖేటము, అనగా నేటి కలబురగి జిల్లాలోని మళఖేడ. అటుతరువాత బీదరు జిల్లాలోని నేటి బసవకల్యాణమైన కల్యాణము.

ఆ తైలపుని కొలువులో నాగదేవుడను దండనాయకుడుండెను. అతని భార్య అత్తిమబ్బె. ఆమె పుట్టినింటివారు వేంగీదేశపు కమ్మనాటినుండి వచ్చినవారు. అనగా తెలుగునేలనుండి వచ్చిన జైన కుటుంబము. ఆమె తండ్రి మల్లపయ్య, పినతండ్రి పున్నమయ్య. తమ గురువైన జినచంద్రదేవుని స్మృతికొరకు ఆ అన్నదమ్ములు పొన్న మహాకవిచేత కన్నడములో శాంతిపురాణము రచింపజేసిరి. గతించినవారి స్మరణకు ఒక గ్రంథమును పుట్టించుట ఆ యింట అప్పటికే ఉన్న వాడుక.

నాగదేవుడు యుద్ధములో మరణించెను. అత్తిమబ్బె చెల్లెలు గుండమబ్బె కూడ అతని భార్యయే. ఆమె ఆనాటి ఆచారము ననుసరించి సహగమనము చేసెను. అత్తిమబ్బె అట్లు చేయలేదు. చిన్న కుమారుడు అణ్ణిగదేవుని పెంచుచు, వ్రతనియమములతో జీవించెను. ఒకే యింట, ఒకే దినమున, ఒకే దుఃఖమునకు రెండు దారులు కనబడినవి. ఒక దారి మంటలో ముగిసినది. రెండవ దారి వెయ్యేండ్లు దాటి నేటికిని నడచుచున్నది.

ఆమె ఏమి చేసెనో చూడుడు. తన తండ్రి, పినతండ్రి వ్రాయించిన శాంతిపురాణము నశింపకుండ 1000 ప్రతులు వ్రాయించి పంచిపెట్టెను. అచ్చుయంత్రము లేని కాలమది. ఒక్కొక్క తాటియాకు ప్రతిని లేఖకుడు కూర్చుండి గంటముతో వ్రాయవలెను. 1000 ప్రతులనగా ఎందరు లేఖకులకు ఎన్ని నెలల జీతమో మన వర్తకులే లెక్కకట్టగలరు. 1500 జినబింబములను చేయించి యిచ్చెననియు ప్రసిద్ధి. రన్నకవి అజితపురాణమునకు ఆమెయే ఆశ్రయము. ఆ కావ్యము క్రీ.శ. 993 నాటిది. నేటి గదగ జిల్లాలోని లక్కుండిలో ఆమె కట్టించిన బ్రహ్మజినాలయము, 1007 నాటి శాసనము నేటికిని నిలిచియున్నవి. లోకము ఆమెను దానచింతామణి యని పిలిచెను. కర్ణాటక ప్రభుత్వము రచయిత్రుల కిచ్చు పురస్కారమునకు ఆమె పేరు పెట్టినది.

ఇందు మనము నేర్వవలసినవి రెండు. ఆలయముతోబాటు ఆమె గ్రంథమునకును ఖర్చు పెట్టెను. రాయి ఒక్కచోట నుండును. గ్రంథము వేయి చోట్లకు పోవును. రెండవది, ఆమె దానములలో తన భర్త పేరు వినబడుటకంటె ఆయన లేని లోటున తాను పూనుకొన్న పని ఎక్కువ వినబడుచున్నది. అయినను నాగదేవుని నేడు మనము ఎరుగుట ఆమెవలననే. పని నిలిచినచో పేరు దానివెంట నిలుచును. పేరునే ముందు నిలుపబోయినచో రెండును నిలువవు.

3. లూణిగుని తమ్ములు

మరియొక నిదర్శనము మనవంటి వర్తకకులమునుండియే. గుజరాతులోని ప్రాగ్వాటవంశమున ఆశరాజు, కుమారదేవి దంపతులకు లూణిగుడు, మల్లదేవుడు, వస్తుపాలుడు, తేజపాలుడు అను నలుగురు కుమారులు. పెద్దవాడైన లూణిగుడు చిన్నతనముననే గతించెను. చివరి యిద్దరును వాఘేలా ప్రభువైన వీరధవలుని మంత్రులై ప్రసిద్ధులైరి. ఆబూ పర్వతముమీద దిల్వాడాలో తేజపాలుడు కట్టించిన నేమినాథస్వామి ఆలయమునకు లూణవసహి యని పేరు. అన్నగారి స్మృతికే ఆ పేరు వచ్చినదని లోకవాడుక. ఆలయ శాసనము మాత్రము తేజపాలుని భార్య అనుపమాదేవి, కుమారుడు లావణ్యసింహుల శ్రేయస్సుకొరకు కట్టినట్లు చెప్పుచున్నది. అది విక్రమ సంవత్సరము 1287, అనగా క్రీ.శ. 1230-31 నాటిది.

ఇక్కడ మొదటి ప్రశ్న మరల వచ్చును: ఇతరుల శ్రేయస్సుకొరకు పుణ్యకార్యము చేయవచ్చునా? చేసినను, చేయించినను, మెచ్చి అనుమోదించినను ఫలము కలదని మన శాస్త్రము. బ్రతికియున్నవారు అనుమోదింపగలరు. అనుపమాదేవి స్వయముగా ఆ పనిని చూచుకొనెననియు, కొండచలిలో శిల్పుల కష్టము తెలిసికొని వారికి నెగళ్ళు, భోజనము, విశ్రాంతి ఏర్పాటు చేయించెననియు ప్రబంధములలో కథ కలదు. నిధిని స్థాపించు కుటుంబములో ఒక్కరు సంతకము చేసి తక్కినవారు ఊరకుండిన చాలదు. తోబుట్టువులు, తాతలు, మేనత్తలు, అందరును పనిలో పాలుపంచుకొన్నప్పుడే అనుమోదన నిజమగును.

ఆ శాసనములో వర్తకులకు మిక్కిలి ఉపయోగపడు భాగము ఒకటి కలదు. ఆలయమును ఎవరు చూచుకొనవలెను, వారి తరువాత ఎవరి సంతతివారు చూచుకొనవలెను, ఏటేట జరుగు అష్టాహ్నిక మహోత్సవములో ఏ దినమున ఏ యూరి శ్రావకులు పూజ జరుపవలెను, ఇవన్నియు రాతిమీద వ్రాసిపెట్టిరి. చేతిలో రాజ్యాధికారము, ధనాగారము ఉన్నవారు కూడ తమ తరువాతి దినములను నోటిమాటకు విడువలేదు. మనము ఎందుకు విడువవలెను?

4. పొరుగున, దూరదేశమున

ఇతర సమాజములనుండియు నేర్వదగినది కలదు. బీదరు హైదరాబాదు రాష్ట్రములో నున్న రోజులలో, 1949లో, చివరి నిజాము రెండవ కోడలైన నీలోఫర్ రాకుమారి పరిచారిక రఫతున్నీసా ప్రసవవేళ మరణించెను. తగిన ప్రసూతి వైద్యము అందక ఒక యువతి పోయినది. ఆ దుఃఖము రాకుమారిని ఊరకుండనీయలేదు. స్త్రీలకు, శిశువులకు ప్రత్యేకముగా ఆస్పత్రి కావలెనని ఆమె పట్టుబట్టెను. 1953లో హైదరాబాదులో వెలసిన నీలోఫర్ ఆస్పత్రి ఆ పట్టుదల ఫలమే. నేటికిని రెండు తెలుగు రాష్ట్రములనుండియు, మన బీదరు వైపునుండియు తల్లులు బిడ్డలను ఎత్తుకొని అక్కడికి పోవుచున్నారు. ఆస్పత్రి పేరు రాకుమారిది. కారణము మాత్రము రఫతున్నీసా. ఆమె పేరు గోడమీద లేకున్నను, అక్కడ బ్రతికి బయటపడిన ప్రతి బిడ్డయు ఆమెకు స్మారకమే.

అమెరికాలో లీలాండ్ స్టాన్‌ఫర్డ్ అను ధనికుని ఒక్కగానొక్క కుమారుడు 1884లో ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున విషజ్వరముతో మరణించెను. వయస్సు పదునారు నిండలేదు. తమ బిడ్డ పోయినందున కాలిఫోర్నియాలోని బిడ్డలందరిని తమ బిడ్డలుగా చూచుకొందమని ఆ దంపతులు నిశ్చయించి, కుమారుని పేర ఒక విశ్వవిద్యాలయమును స్థాపించిరి. అది 1891లో తెరువబడినది. రెండేండ్లకే, 1893లో, తండ్రి గతించెను. ఆస్తి న్యాయస్థానపు వివాదములలో చిక్కుకొన్నది. తల్లి జేన్ తన యింటి ఖర్చులు తగ్గించుకొని, తనకు వచ్చు భత్యముతోనే ఉపాధ్యాయుల జీతములు గడిపెను. 1896లో తీర్పు అనుకూలమైనది; సంస్థ నిలిచినది. అంత పెద్ద సంపద కూడ ఒక్క మరణముతో స్తంభించెను. స్థాపకుని ప్రాణముమీద ఆధారపడిన నిధి నిధి కాదు.

5. బగ్దల్‌లో ఏ పని తగును?

ఇక మన యూరి మాట. బగ్దల్ బీదరు తాలూకాలోని ఊరు. చుట్టును కంది, పెసర, మినుము, సోయా, చెరకు పండు భూములు. కన్నడము, ఉర్దూ, మరాఠీ, తెలుగు నాలుగును సంతలో వినబడును. ఇదే తాలూకాలోని కమఠాణలో పార్శ్వనాథస్వామి ప్రాచీన బసది యున్నది. ఈ నేలపై మన ధర్మము నిన్న మొన్న వచ్చినది కాదని అది సాక్ష్యము చెప్పుచున్నది. పై చదువునకు పిల్లలు బీదరు పోవలెను. పెద్ద వైద్యమునకు కలబురగియో హైదరాబాదో పోవలెను. కావున చతుర్విధదానములను ఈ యూరి అవసరములతో జోడించి చూతము.

శాస్త్రదానము. అత్తిమబ్బె చేసినది ఇదియే. చిన్న మొత్తముతో కూడ సాగును. ఏటేట పాఠ్యపుస్తకములు కొని, పిల్లలకిచ్చి, పరీక్షలైన పిదప మరల తీసికొని, మరుసటి యేటి పిల్లలకిచ్చు పుస్తకనిధి నడుపవచ్చును. కళాశాలకు పోవు పిల్లలకు బస్సు ఖర్చు, వసతిగృహపు రుసుము, పరీక్ష రుసుము ఇవ్వవచ్చును. ప్రభుత్వము విద్యార్థివేతనము ఇచ్చుచోట మన నిధి దరఖాస్తు నింపుటకు సాయపడి, ప్రభుత్వము ఇవ్వనిచోట ద్రవ్యము ఇచ్చుట తెలివి.

ఔషధదానము. మధుమేహము, రక్తపుపోటు ఉన్న పేద వృద్ధులకు నెలనెల మందులు, ప్రసవమునకు పోవు స్త్రీకి బండిబాడుగ. ఇవి చిన్న ఖర్చులే. కాని వేళకు లేనిచో ప్రాణము తీయును.

ఆహారదానము. మనకు బాగుగా తెలిసినదే. చదువుకొనుటకు బీదరులో గది తీసికొన్న పేద పిల్లవానికి నెలకు సరిపడ బియ్యము, పప్పు ఇంటినుండి పంపుట కూడ ఆహారదానమే. అందుకు అన్నసత్రమే కట్టనక్కరలేదు.

అభయదానము. నాలుగింటిలో దీనికి శ్రేష్ఠస్థానము కలదు. స్మారక నిధికి ఇది ఒక విశేషమార్గమును చూపుచున్నది. ఏ కారణమున మన బిడ్డ పోయెనో ఆ కారణము మరియొక యింటికి రాకుండ చేయుట అభయదానము. బావిలో పడి పోయినచో, ఊరి గట్టులేని బావులకు గోడలు కట్టింపవచ్చును. బండి ప్రమాదమున పోయినచో, ఊరి యువకులకు శిరస్త్రాణములు ఇప్పింపవచ్చును. పాముకాటుకు వేళకు వైద్యము అందక పోయినచో, రాత్రివేళ ఆస్పత్రికి చేర్చుటకు బండి నొకదానిని సిద్ధముగా నుంచవచ్చును. రఫతున్నీసా కథ చెప్పునది ఇదియే.

పాత్రవిషయము. మన సమాజపు పిల్లలకే ఇవ్వవలెనా, ఊరందరికిని ఇవ్వవలెనా యను చర్చ తరచు వచ్చును. సాధర్మిక వాత్సల్యము మన విధి. అనుకంపాదానమునకు కులమతముల హద్దు లేదు. రెండింటికిని చోటుండునట్లు ఆదిలోనే భాగములు నిర్ణయించుకొన్నచో తరువాత కలహము రాదు. ఆడపిల్ల పోయినప్పుడు కూడ నిధి పెట్టుడు. పలకలమీద కొడుకుల పేర్లే ఎక్కువగా కనబడుచున్నవి. దుఃఖము రెండుచోట్లను ఒక్కటే.

విధివిషయమున ఒక్క మాట. సాయము పొందు పిల్లవానిని వేదికమీద నిలిపి ఛాయాచిత్రము తీయించి పత్రికలో వేయించుట దానము కాదు. ఆ పిల్లవాడు రేపు మన యంగడికే సరుకునకు రావలెను, తలయెత్తుకొని రావలెను.

6. ద్రవ్యము, లెక్క

తనదైన దానిని విడుచుట దానమని పైన చెప్పుకొన్నాము. ఇక్కడ మన వ్యాపారములో ఒక సున్నితమైన విషయము కలదు. సరుకు పట్టీలలో ధర్మాదా పేర వసూలగు సొమ్ము మనది కాదు. ధర్మముకొరకు కొనుగోలుదారు మనచేతిలో పెట్టినది. అట్లు ధర్మమునకై వేరుగా వసూలు చేసిన సొమ్ము వర్తకుని ఆదాయము కాదని సుప్రీంకోర్టు కూడ బిజిలీ కాటన్ మిల్సు వ్యాజ్యములో తీర్పు చెప్పినది. కావున ధర్మాదా సొమ్మును ధర్మమునకే ఖర్చు పెట్టుడు. కాని దానిని మన బిడ్డ పేర మన దానముగా జమకట్టరాదు. బిడ్డ పేర పెట్టు మూలధనము మన సొంత గల్లానుండి రావలెను.

రెండవది, దేవద్రవ్యము. ఆలయమునకని ఒకసారి సంకల్పించి పలికిన సొమ్మును బడికి, ఆస్పత్రికి మరల్చుటకు వీలులేదు. దుఃఖములో తొందరపడి పలికి, తరువాత మార్చుకొనజూచుట దోషము. కావున పదవనాడే ప్రకటింపవలెనను పట్టుదల వద్దు. మొదటి వర్ధంతి వరకు ఆలోచించుకొని, ఇంటివారందరు కూర్చుండి, ఎంత, ఎందుకు, ఎవరికి అని నిర్ణయించి ప్రకటించిన ఏమి తక్కువ?

మూడవది, నిధిని మన అంగడి ఖాతాలో జమగా ఉంచుకొనరాదు. "సొమ్ము మన దగ్గరనే యున్నది, వడ్డీ మనమే ఇచ్చుచున్నాము" అని చెప్పుట మన వాడుక. ఉద్దేశము మంచిదే. కాని వ్యాపారము ఒకనాడు మునిగినచో అప్పులవారితోబాటు బిడ్డ పేరును ఆ వరుసలో నిలబడవలసివచ్చును. నిధి పేర వేరు బ్యాంకు ఖాతా, వేరు పుస్తకము ఉండితీరవలెను.

ఇక ఒక చిన్న లెక్క. 5 లక్షల మూలధనమును నూటికి 7 వంతున బ్యాంకులో ఉంచితి మనుకొందము. ఏటికి 35,000 రూపాయలు వచ్చును. అంతయు ఖర్చు పెట్టినచో మూలధనము కాగితముమీద అట్లే యుండును. కాని ధరలు ఏటికి నూటికి 6 వంతున పెరిగినచో సుమారు 12 ఏండ్లలో అవి రెట్టింపగును; అప్పుడు ఆ 35,000 నేటి 17,500 పని మాత్రమే చేయును. వడ్డీలో నాలుగవవంతు, అనగా మొదటి యేట 8,750 రూపాయలు, ఏటేట మూలధనములో కలుపుచు వచ్చినచో 12 ఏండ్లకు మూలధనము సుమారు 6 లక్షల 15 వేలగును. ఇదియు ధరల పరుగును పూర్తిగా అందుకొనదు. కావున తోబుట్టువులు ప్రతి దీపావళికి కొత్త ఖాతా పుస్తకములు తెరచునప్పుడు, మొదటి జమగా నిధికి కొంత చేర్చు నియమము పెట్టుకొనవలెను. ఏటా 10,000 చేర్చినను నిధి ముసలితనము కొంత నెమ్మదించును. బిడ్డను ఏటేట ఒకసారి ఇంటిల్లిపాదియు తలచుకొనుటకు ఇంతకంటె శుభమైన వేళ ఏది?

7. వ్రాతపని

మొత్తము చిన్నదైనచో ప్రత్యేక ట్రస్టు పెట్టుట భారము. ఏటేట లెక్కల తనిఖీ ఖర్చే వడ్డీని మ్రింగును. అట్టప్పుడు నమ్మకమైన సమాజసంస్థకో, పాఠశాలకో మూలధనమును ఇచ్చి, అది మూలధనమే యనియు, వడ్డీని మాత్రము ఫలానా పనికి వాడవలెననియు వ్రాతపూర్వకముగా తెలిపి, వారి అంగీకారపత్రము పుచ్చుకొనవలెను. పెద్ద మొత్తమైనచో ట్రస్టు పత్రము వ్రాయించి సబ్-రిజిస్ట్రారు వద్ద నమోదు చేయించి, ఆదాయపు పన్ను శాఖ వద్దను నమోదు పొందవలెను. దాతలకు పన్ను రాయితీ కావలెనన్నచో అందుకు వేరుగా అనుమతి కలదు. నియమములు ఎప్పటికప్పుడు మారుచుండును గనుక ఆడిటరును అడిగి నడచుకొనుడు.

పత్రములో ఈ అంశములు తప్పక యుండవలెను:

1. నిధి ఉద్దేశము, ఒకటి రెండు వాక్యములలో. "అన్ని సత్కార్యములు" అని వ్రాసిన నిధి ఏ సత్కార్యమును చేయదు.
2. ధర్మకర్తలు ఎందరు, ఎన్నేండ్లు, ఒకరు తప్పుకొన్నచో వారి చోట ఎవరు. ఇంటివారు కానివారు కనీసము ఇద్దరు, వారిలో ఒకరు స్త్రీ యైన మేలు.
3. మూలధనమును ఎట్టి పరిస్థితిలోను ధర్మకర్తలకో, వారి వ్యాపారములకో అప్పుగా ఇవ్వరాదను నిషేధము.
4. వడ్డీలో ఎంత భాగము ఖర్చు, ఎంత భాగము మూలధనములో కలుపుట.
5. సాయము ఎవరికి, ఎట్లు ఎంపిక చేయుట; పొందినవారి పేర్లు వెల్లడింపకుండుట.
6. ఏటేట లెక్కలు సమాజములో చదువుట. పర్యుషణ, దశలక్షణ పర్వములలో ఒక దినము అందుకు అనువైనది. క్షమాపణ చెప్పుకొను వేళ లెక్క కూడ చెప్పుకొనుట ఉచితము.
7. మొదటి ఉద్దేశము అవసరము లేకపోయినచో, ఉదాహరణకు బావులన్నిటికి గోడలు పూర్తియైనచో, నిధిని ఏ పనికి మరల్చవలెను.

ఇంత వ్రాతపని చూచి, "బిడ్డ పోయిన దుఃఖములో ఇవన్నియు ఎవరు చేయుదురు?" అని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. అందుకే ఇది తల్లిదండ్రులు ఒంటరిగా చేయవలసిన పని కాదు. ఇరుగుపొరుగు వర్తకులు, సమాజపు పెద్దలు ఆ మొదటి సంవత్సరము వారి పక్కన కూర్చుండి ఈ కాగితములు సిద్ధము చేయవలెను. ఓదార్పు మాటలు నాలుగు దినములు పనిచేయును. ఈ ఓదార్పు తరములు పనిచేయును.

ముగింపు

అనిత్యభావన, అశరణభావన మొదలగు పండ్రెండు భావనలను మనము నిత్యము చింతింతుము. దేహము అనిత్యము; ఇల్లు, అంగడి, ఖాతా పుస్తకములు అన్నియు అనిత్యములే. స్మారక నిధియు శాశ్వతము కాదు. కాని అది నడచినంతకాలము ఒక ఆకలి తీరును, ఒక చదువు సాగును, ఒక ప్రాణము నిలుచును. బిడ్డ బ్రతికిన యేండ్లు కొన్నియే కావచ్చును. ఆ యేండ్లు ఇంటివారిలో విడిచివెళ్ళిన ప్రేమను లెక్కకట్టుటకు ఏ ఖాతాయు చాలదు. ఆ ప్రేమను వడ్డీతో పరులకు చెల్లించుటయే ఈ నిధి.

అత్తిమబ్బె వ్రాయించిన 1000 ప్రతులలో ఒక్కొక్కటి ఒక్కొక్క ఇంటికి చేరినప్పుడు, అది ఎవరి దుఃఖమునుండి పుట్టినదో ఆ యింటివారికి తెలిసియుండకపోవచ్చును. గ్రంథము మాత్రము చదువబడినది, నిలిచినది. బగ్దల్‌లోను, చుట్టుపట్ల ఊళ్ళలోను మన బిడ్డల పేర పెట్టు నిధులు అట్లే పనిచేయుగాక. సర్వజీవులకు శుభమగుగాక.